చీర మడతల్లో రీటా

మా విమల పెళ్లి సంబంధాన్ని నేను ఒకే మధ్యాహ్నం మూడుసార్లు ముంచబోయాను. మా చుట్టాలు రెండుసార్లంటారు. అది తప్పు. పెళ్లిళ్లలో, పురుళ్లలో, ఆఖరికి దినాల్లో కూడా ఈ కథ చెప్పుకుని నవ్వుతారు. చెప్పిన ప్రతిసారీ ఒక లెక్క మారుస్తారు. ఒకరు చీర నీలమంటారు, ఒకరు పుస్తకాలు రెండంటారు. మా పిన్ని కోడలైతే నేను ఆ రోజు బస్సు వెనక పరుగెత్తానని కళ్లారా చూసినట్టు చెబుతుంది. తాను అప్పటికి పుట్టనే లేదు. సరిదిద్దీ సరిదిద్దీ అలిసిపోయాను. ఒకసారి కాగితం మీద పెట్టేస్తే ఇక ఎవరూ నన్ను అడగరని రాస్తున్నాను. పరువు పోతే పోనీ, లెక్క సరిపోతే చాలు.

అది 1986, మే నెల. నాకు ముప్పై ఒకటి, విమలకు ఇరవై రెండు. మాది గద్వాలలో నేత కుటుంబం. నేను పెళ్లయి రెండిళ్ల అవతలే కాపురమున్నా, పగలంతా మా నాయన ఇంట్లోనే. మగ్గం దిగిన ప్రతి చీరనూ సరిచూసే పని నాది. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలేసి నేయాలి. ఒక్క మెలిక తప్పితే అక్కడ చీమ దూరేంత కన్నం పడుతుంది. నేను చీరను వాకిట్లో వెలుతురుకు పట్టుకుని, జానెడు జానెడుగా జరుపుతూ ఆ కన్నాలకోసం వెతికేదాన్ని. తర్వాత మడతపెట్టి, నలగకుండా మడతల్లో ఒక అట్ట పెట్టి, చీటీ మీద తేదీ, పొడవు రాసి సంతకం చేసేదాన్ని. నా సంతకం పడిన చీరను మళ్లీ విప్పి చూసే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. నేనంత ఖచ్చితం. దానికి తగ్గ గర్వం కూడా ఉండేది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పుడు నాకే నీరసం వస్తుంది.

ఇక నా దొంగపని. బస్టాండు దగ్గర ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. పెద్దమనుషులు చదివే పుస్తకాలు ముందు అరల్లో ఉండేవి. డెబ్బైల నాటి డిటెక్టివ్ నవలలు వెనక ఒక గోనెసంచిలో పడి ఉండేవి. చేతిలో ఇమిడే సైజు, పసుపెక్కిన కాగితం, అట్ట మీద ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో పైట పట్టుకున్న అమ్మాయి. రెండింటిలో ఏదీ ఆమె సరిగ్గా పట్టుకోలేదు. ఆ సంచిలో నలభై మూడు పుస్తకాలుంటే నలభై ఒకటి నేను చదివాను. మిగిలిన రెండూ చెదలు చదివాయి.

కథలు గొప్పవని చెప్పను. నూట ఇరవై ఎనిమిది పేజీల ఒక పుస్తకంలో రీటా అనే క్లబ్బు డాన్సరు పదకొండుసార్లు తడిసింది. వానలో ఆరు, ఈతకొలనులో మూడు, షవర్ కింద రెండు. మా పాలమూరు జిల్లాలో ఆ ఏడంతా కలిపి అన్ని వానలు పడలేదు. అయినా చదివాను. పొద్దంతా ఒకే రకం పోగులు చూసే మనిషికి, పద్నాలుగు పేజీలకొకడు చచ్చే కథ ఎంత విశ్రాంతో అనుభవించిన వాళ్లకే తెలుసు.

దాచడమే కష్టం. మా అత్తగారు నా దిండు కూడా విప్పి దులిపే మనిషి. అందుకని నాయన ఇంట్లో చీర మడతల్లో అట్టకు బదులు పుస్తకం పెట్టేదాన్ని. కొలత సరిగ్గా సరిపోయేది. ఏ చీరలో ఏ హత్య ఉందో నాకు నోటికి వచ్చు. చీర ఇల్లు దాటే ముందు పుస్తకం తీసి అట్ట పెట్టేదాన్ని. మూడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

అలాంటప్పుడు విమలకు వనపర్తి సంబంధం వచ్చింది. పిల్లవాడు ఈశ్వరయ్య, కాలేజీలో గుమాస్తా. వచ్చి పిల్లను చూసి వెళ్లాడు. నచ్చాడా అని అడిగితే విమల ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం కండెలకు నూలు చుడుతూ పోగును ఏడుసార్లు తెంపింది. మా చెల్లెలు జీవితంలో అంతకన్నా స్పష్టంగా ఏ విషయమూ చెప్పలేదు.

మిగిలింది చీర చూపడం. మా ఇళ్లల్లో పిల్లను చూసుకున్నాక, పిల్లవాడి తల్లి ఆ పిల్ల పుట్టింటి నేతను చూడాలి. తండ్రి తాను నేసిన చీరను మడత విప్పకుండా తీసుకెళ్లి ఆమె ముందు పెడతాడు. ఆమె విప్పి, తిరగేసి, వెనక వైపు చూస్తుంది. బాగుందంటే మాట ఖాయం. ఏమీ అనకుండా మడిచి తిరిగిచ్చేసిందా, మంచినీళ్లు తాగి బస్సెక్కాల్సిందే. ఈశ్వరయ్య తల్లి చెన్నమ్మ అప్పటికి ఇద్దరి చీరలు అలా మడిచి తిరిగిచ్చిందని విన్నాం. ఆమె మగడు పేరున్న నేతగాడు, పోయి ఆరేళ్లయింది. చెన్నమ్మ వేలు పెడితే చీర తన తప్పు తానే ఒప్పుకుంటుందని చెప్పుకునేవారు.

ఆ రోజు నాయన పదిన్నర బస్సుకు బయలుదేరాలి. చీర నేను తీసి ఇవ్వాలి. ఈలోగా పట్టుదారం తెద్దామని బజారుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి విమల గుమ్మంలో నిలబడి ఉంది.

“నాయనేడే?”

“పొయ్యిండక్కా. ముందు బస్సే దొరికింది.”

“మరి చీర?”

“తనే తీస్కున్నడు. శకుంతల సంతకముంటే సాలు, ఇంక సూసేదేందన్నడు.”

“ఏ చీరనే?”

“కింది అరల ఆకుపచ్చది. ఎర్రంచుది. ఏమైందక్కా, మొగం గట్ల పెట్టినవ్?”

ఆకుపచ్చ చీర, ఎర్రంచు: రీటా. ఇంకా పన్నెండు పేజీలు చదవడం మిగిలి ఉంది.

“ఏం గాలే. నేను జర వనపర్తి పోయొస్త.”

“నువ్వెందుకు?”

“ఊకెనే.”

నేను బస్సు వెనక పరుగెత్తలేదు. పదిన్నర బస్సు పదకొండుంబావుకు వచ్చింది, పరుగెత్తాల్సింది బస్సే. ఎర్రవల్లి దాకా కండక్టరుతో చిల్లరకోసం కొట్లాడేవాళ్ల గోల. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన రాగానే అందరూ ఆంజనేయస్వామికి దండం పెట్టారు. నేనూ పెట్టాను. ఏమని మొక్కాలో తోచలేదు. ఆయనా బ్రహ్మచారి, రీటా సంగతి ఆయనకు ఏ మొహంతో విన్నవించుకోను?

నాయన గంటన్నర ముందే చేరినా, రాహుకాలం దాటేదాకా చీర ముట్టనని చెన్నమ్మ కూర్చోబెట్టిందట. నేను వెళ్లేసరికి చాప మీద నాయన, ఎదురుగా చెన్నమ్మ, పక్కన ఆమె మరిది. చెన్నమ్మ మనిషి మగ్గంలా ఉంది: ఒళ్లు కదలదు, చెయ్యి ఒక్కటే ఆడుతుంది. చీర ఆమె ఒళ్లో ఉంది. ఇంకా విప్పలేదు.

“నువ్వెందుకొచ్చినవ్?” అన్నాడు నాయన.

“ఆ చీర గాదు నాయనా. వేరేది తేవాల్నుండె.”

“దీనికేమైంది?”

ఏమని చెప్పను? చీర వెనక్కి తీసుకోవడానికి ఒక కారణం కావాలి. బస్సులో రెండు గంటలున్నా ఒక్కటీ ఆలోచించుకోలేదు. నోటికొచ్చింది అనేశాను.

“దాంట్ల నేత తప్పుంది.”

నాయన ముప్పై ఎనిమిదేళ్లుగా మగ్గం మీద ఉన్నాడు. జ్వరంలో నేశాడు. మా అమ్మ పోయిన నెలలో నేశాడు. ఆ మాట ఎవరూ అనలేదు. ఇప్పుడు అన్నది సొంత కూతురు, అదీ కాబోయే వియ్యాలవారింట్లో.

“నా నేతలనా?” అన్నాడు. అంతే. చేతిలో ఉన్న మంచినీళ్ల చెంబు కింద పెట్టాడు.

చెన్నమ్మ కళ్లు మాత్రం వెలిగాయి. “తప్పుంటే మరీ సూడాలె గద! కూసో బిడ్డా. ఏడున్నదో నేను జెప్త.”

ఇది మొదటి ముంపు.

ఆమె కొంగు విప్పింది. అంచు కలిసే చోట చూపుడువేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. ఒక చోట వేలు ఆగింది. పుస్తకం తగిలిందేమోనని నా గుండె కూడా ఆగింది. ఆమె తలెత్తి నాయన వైపు చూసి, ఏదో అనడానికి నోరు తెరిచింది. అప్పుడు చీర ఒళ్లోంచి జారింది, మడతల్లోంచి రీటా చాప మీద వెల్లకిలా పడింది. తుపాకీతో, పైటతో, పెదాల ఎరుపుతో సహా.



“గిదేంది?” అన్నాడు నాయన.

“అట్ట నాయనా. అట్టలు అయిపోతే పుస్తకం పెట్టిన.”

“ఏం పుస్తకం?”

నాయనకు చదువు సంతకం వరకే వచ్చు. చెన్నమ్మకూ ఆమె మరిదికీ అదీ రాదు. ఆ గదిలో చదువుకున్న మూర్ఖురాలిని నేనొక్కదాన్నే. “పాత నవల” అని ఊరుకుంటే అక్కడితో పోయేది. కానీ అట్ట మీది బొమ్మ చూస్తూ నవల అనడానికి నోరు రాలేదు.

“పురాణం” అన్నాను.

ఇది రెండోది.

చెన్నమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుని బొమ్మను దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసింది. “ఈమె ఎవరు?”

“సత్యభామ, పెద్దమ్మా. నరకాసురుని మీదికి పోతుంది.”

“చేతుల తుపాకి ఉన్నట్టుంది?”

“విల్లే. బొమ్మ గీసినాయన సక్కగ గీయలే.”

“గట్లనా” అంది చెన్నమ్మ. మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. “సత్యభామ కథంటే నాకు పాణం. శుభకార్యం మాట్లాడుకునే ముందు మంచిదే గద. నాలుగు ముక్కలు సదువు బిడ్డా.”

“పెద్దమ్మా, కళ్లద్దాలు తేలే...”

“నీకు అద్దాలు ఎప్పుడున్నయి?” అన్నాడు నాయన. నేత తప్పన్నందుకు కోపం ఇంకా తగ్గలేదు. “సదువుమంటుంది గద, సదువు.”

పుస్తకం తెరిచాను. ఎక్కడ తెరిస్తే తక్కువ ప్రమాదమో నాకు తెలుసు, మొదటి నాలుగు పేజీల్లో వాతావరణం తప్ప ఏమీ ఉండదు. కానీ ఎక్కువసార్లు చదివిన చోటే పుస్తకం తనంతట తాను తెరుచుకుంటుంది. డెబ్బై ఒకటో పేజీ తెరుచుకుంది. హోటల్ గది. షవర్ రెండోసారి.

“సత్యభామ స్నానమాడి, తడి కురులు ఆరబెట్టుకుంటూ, టెలిఫోన్ ఎత్తి...”

“ఏందీ?” అన్నాడు మరిది. “ద్వారకల టెలిఫోనుండెనా?”

నాలుక కరుచుకున్నాను. ఆదుకున్నది నాయనే. కోపం ఒకవైపున్నా, వియ్యాలవారింట్లో కూతురి చదువును తక్కువ చేస్తే ఊరుకునే మనిషి కాదు.

“ఎందుకుండదు?” అన్నాడు. “మన గద్వాల పోస్టాఫీసుకే ఉంది. దేవుని ఇంట్ల ఉండదా?”

మరిది ఆలోచించి, నిజమేనని తలూపాడు.

“తర్వాత?” అంది చెన్నమ్మ.

“ఒక్కరే రమ్మని కృష్ణునికి చెప్పింది.”

“వచ్చిండా?”

“వచ్చిండు.”

“తలుపుకు గడియ పెట్టిండా?”

“పెట్టిండు, పెద్దమ్మా.”

“ఊ. పెడ్తడు. సదువు.”

ఆ తర్వాత పేజీలో పందొమ్మిది లైన్లున్నాయి. వాటిని ఇప్పటికీ రాయలేను. గుక్క తిప్పుకోకుండా, “అప్పుడు ఇద్దరూ భోజనం చేసిరి” అని చదివి పేజీ తిప్పాను.

“భోజనమా?”

“భోజనమే.”

“ఏమేం వండిండ్రో రాయలేదా?”

“లేదు పెద్దమ్మా. ఒట్టి భోజనం.”

ఇది మూడోది. చెన్నమ్మ చీర మడిచి పక్కన పెట్టింది. మాట్లాడకుండా మడిచింది. నాకు విమల తెంపిన ఏడు పోగులూ కళ్ల ముందు ఆడాయి. నాయన కండువా భుజాన వేసుకుని లేవబోయాడు.

“కూసో అన్నా, యాడికి?” అంది చెన్నమ్మ. “ఎండల వచ్చినవ్. మా మరిది తోల్కపోతడు, ఇద్దరు పోయి చాయ తాగిరాండ్రి. నాకు ఈ పిల్లతోని జర పనుంది.”

వాళ్లు గుమ్మం దాటారు. చెన్నమ్మ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. వచ్చి నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

“ఇగ జెప్పు. రీటా బతికిందా, సచ్చిందా?”

నా చేతిలోంచి పుస్తకం జారిపోయింది.

“పెద్దమ్మా... మీకెట్ల...”

“బొమ్మ సూస్తే ఎరుక పట్టనా? మా ఆయన ఉన్నప్పుడు గిదే పుస్తకం తెచ్చిండు. నేను కండెలు సుట్టేటప్పుడు మగ్గం ఆపి సదివేటోడు. ఆఖరి పేజీలు లెవ్వు, ఎవరో సింపుకున్నరు. చంపింది మేనేజరని ఆయనంటడు, డ్రైవరని నేనంట. రెండేండ్లు కొట్లాడినం. గది తేలకముందే ఆయన పాయె.”

“ఈశ్వరయ్యతోని చదివించుకోకపోతిరా? కొట్టుల దొరుకుతుండె గద.”

“థూ, కొడుకుతోని గివి సదివిచ్చుకుంటరా? సిగ్గుండాలె.” పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. “సదువు. ఇగ భోజనాలు పెట్టకు. ఒక్క ముక్క మింగినా నాకు తెలుస్తది.”

పన్నెండు పేజీలు చదివాను. మింగకుండా చదివాను. రీటా బతికింది. చంపింది మేనేజరు.

చెన్నమ్మ కాసేపు గోడ వైపు చూసింది. “ఆయనే గెలిచిండు” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత, “మీ చెల్లెను నేను చేస్కుంట. మంచి రోజు సూడుమని మీ నాయనకు జెప్త” అంది.

మా చుట్టాలకు తెలిసిన కథ ఇక్కడితో సరి. అక్కడి నుంచి వాళ్లు నవ్వు మొదలుపెడతారు. మిగిలినది నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నాయనా లేడు, చెన్నమ్మా లేదు, చెప్పినందువల్ల ఎవరికీ నష్టం లేదు.

నేను దండం పెట్టి లేవబోతుంటే చెన్నమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చీర తీసి, కొంగు విప్పి, కిటికీ వెలుతురుకు పట్టింది. అంచు కలిసే చోట, చీమ దూరేంత కన్నం. దాంట్లోంచి వనపర్తి ఎండ సన్నని గీతలా నా చేతి మీద పడింది.

“నువ్వన్నది నిజమే బిడ్డా. తప్పుంది. నా వేలు ఈడ ఆగినప్పుడే ఈ సంబంధం వద్దనుకున్న. మీ నాయనకు గదే మాట జెప్పబోతున్న, అంతల రీటా పడె.”

నేను చీటీ చూసుకున్నాను. తేదీ ఉంది, పొడవు ఉంది, కింద నా సంతకం ఉంది. ఆ రోజు గుర్తుకొచ్చింది. వాకిట్లో నిలబడి ఒక చేత్తో కొంగు వెలుతురుకు పట్టుకున్నాను. ఇంకో చేతిలో డెబ్బై ఒకటో పేజీ ఉంది. లేని తప్పు కల్పించి చెప్పానని గంట నుంచి కుమిలిపోతున్నాను. తీరా చూస్తే ఆ మధ్యాహ్నమంతా నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అదే.

“నాయనకు చెప్పకుండ్రి పెద్దమ్మా” అన్నాను. “పోగు తప్పింది ఆయనకే గావచ్చు, కాని పట్టుకోవాల్సింది నేను.”

“నేనెందుకు జెప్త? చుట్టాలమైతిమి.” చీర మడిచి, మధ్యలో పుస్తకం జాగ్రత్తగా పెట్టింది. “నెలకొకటి తెచ్చి సదువు. గట్లయితే ఈ కన్నం సంగతి నాకేం యాదికుండదు.”

తిరుగు బస్సులో నాయన పెబ్బేరు దాకా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

“తప్పుందంటివి. సూసినవా, ఆమె అంతసేపు సూసి ఒక్క మాటన్నదా?”

“అనలే నాయనా.”

“మరి? ఇంకెప్పుడన్న నా నేతకు వంక పెడ్తవా?”

“పెట్ట నాయనా.”

ఆయన మొహం మెల్లగా తేటపడింది. పక్క సీటు ముసలాయన్ను పలకరించి, వనపర్తి చెన్నమ్మ తన చీరను ఎలా మెచ్చుకుందో ఎర్రవల్లి వచ్చేదాకా చెప్పాడు. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను.

పెళ్లి జూన్‌లో అయింది. విమల సుఖంగా ఉంది, ఇప్పటికీ పోగులు తెంపుతూనే ఉంది. నెలకొకటి అన్న ఒప్పందం పదకొండేళ్లు నడిచింది. గద్వాల సంచి నాలుగేళ్లలో ఖాళీ అయితే, కర్నూలు నుంచి తెప్పించాను. మొత్తం నూట పందొమ్మిది పుస్తకాలు. పన్నెండు పదకొండ్లు నూట ముప్పై రెండు కదా అంటారేమో. నా ఇద్దరు పిల్లల పురుళ్లకు పది నెలలు, నా టైఫాయిడుకు మూడు నెలలు తీసేయండి, సరిపోతుంది. ఆ పుస్తకాల్లో తడిసిన ఆడవాళ్ల లెక్క కూడా నా దగ్గరుంది గానీ, ఓపిక లేదు.

చివరి రెండేళ్లలో చెన్నమ్మకు చెవులు పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చదవాల్సి వచ్చేది. షవర్, హోటల్, గడియ, అన్నీ అరిచాను. కిటికీలు మూస్తే ఆమెకు ఉక్క. అలా మా చుట్టాలకే కాదు, వనపర్తిలో ఆ వీధి వీధంతటికీ నా సంగతి తెలిసిపోయింది. కూరగాయల బండి అతను కూడా కిటికీ కింద బండి ఆపి, “అక్కా, మల్ల ఆమె ఏమైంది?” అని అడిగేవాడు.

అందుకని నూలు సాక్షిగా, పట్టు సాక్షిగా, బీచుపల్లి ఆంజనేయుడు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: చీర సరిచూసేటప్పుడు ఇక ఎన్నడూ పుస్తకం ముట్టను. ఇప్పుడు నా కళ్లకు చీరలో కన్నమూ ఆనదు, పుస్తకంలో అక్షరమూ ఆనదు. కాబట్టి ఈసారి మాట తప్పే ప్రమాదం లేదు.